పొడుగ్గా పెరిగిన మీ టమోటా నారు

చిరంజీవులిద్దరికీ పత్తికొండ నుంచి తాత ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. "తాతా, నీ నారు కంటే మాదే పొడుగు" అని రాశారు కదా, ఆ పొడుగు చూసే నాకు దిగులు పట్టుకుంది. కాడ దారంలా ఉంది. ఆకులు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. మొక్కలన్నీ కిటికీ వైపుకే వంగిపోయాయి. దాన్ని ఏపుగా పెరగడం అనరు. వెలుతురు చాలక సాగిపోవడం అంటారు.

టమోటా గింజ మొలవడానికి వెలుతురు అక్కర్లేదు, మట్టిలో చీకట్లోనే మొలుస్తుంది. గింజలో దాచుకున్న తిండి మాత్రం కొంచెమే. అది అయిపోయేలోపు ఆకు విప్పి సొంత తిండి తయారు చేసుకోవాలి. పైకొచ్చాక కూడా వెలుతురు చాలకపోతే, ఉన్న సత్తువంతా కాడ సాగడానికే పోతుంది. ఆకు వెడల్పవదు, వేరు బలపడదు. వెలుతురు బాగా తగిలితే కాడ సాగడం తగ్గి మందమవుతుంది.

కిటికీ వైపు వంగడం ఆక్సిన్ పని. అది మొక్క తనలో తయారు చేసుకునే పెరుగుదల హార్మోను. నీడ పక్కకు అది ఎక్కువ చేరుతుంది, ఆ పక్క కణాలు ఎక్కువ సాగుతాయి, దాంతో మొక్క వెలుగు వైపు వాలుతుంది. ఆక్సిన్ పేరే తెలియని రోజుల్లో డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డిజాతి మొలకల కొనలకు వెలుతురు తగలకుండా చిన్న టోపీలు తొడిగి చూశారు. టోపీ పెట్టిన మొలకలు వంగలేదు! 1880లో ఆ సంగతి పుస్తకంగా వేశారు.

"మా రూములో వెలుతురు బాగానే ఉంది కదా" అంటారేమో. ఈ విషయంలో కంటిని నమ్మొద్దు, తక్కువ వెలుతురుకు అది సర్దుకుపోతుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే, ట్యూబ్‌లైట్ వేసిన గదిలో కొన్ని వందలే. ట్రే దగ్గర తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. నీడలో వేళ్లు విడివిడిగా కనిపిస్తే ఫరవాలేదు. మసకగా ఉంటే తక్కువే. నీడే పడకపోతే నారుకు పస్తే. అలాగని రాత్రీ పగలూ లైటు వేసి ఉంచకండి. టమోటాకు 24 గంటల వెలుతురు పడదు, ఆకులు పసుపెక్కుతాయి.

ఇది చదివి ట్రేను ఒక్కసారిగా డాబా మీద పెట్టేరు! కర్నూలు ఎండకు ఆ లేత ఆకులు తెల్లటి మచ్చలు పడి మాడిపోతాయి. ఇక్కడి నర్సరీల్లో చిన్న చిన్న గుంటలుండే ప్రోట్రేల్లో నారు పోసి, నీడనిచ్చే వల (షేడ్‌నెట్) కింద పెంచి, నాటే ముందు వారం రోజులు మెల్లగా ఎండకు అలవాటు చేస్తారు. మీరు మొదట పొద్దుటి ఎండలో గంటసేపు పెట్టి, రోజూ కాస్త పెంచండి.

సాగిన నారును పారేయొద్దు. టమోటా కాడ మట్టిలో పడ్డచోటల్లా వేర్లు పుడతాయి, కాబట్టి మొదటి రెండాకుల దాకా లోతుగా నాటండి.

జేజితో ఇంకొన్ని గింజలు పంపుతున్నాను. సగం బాల్కనీలో, సగం గది మూలన వేయండి. రెండు చోట్లా ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఈసారి పొడుగొక్కటే కొలవకుండా ఆకులు ఎన్నొచ్చాయో, కాడ ఎంత మందమయిందో కూడా రాసి పంపండి.

మీ తాత