పెద్దమ్మ వేలికి పెట్టిన క్లిప్పు

2021 ఎండాకాలం, కరోనా సెకండ్ వేవ్. కోరుట్లలో మా పెద్దమ్మ వేలికి ఆశ వర్కర్ ఆక్సీమీటర్ పెట్టింది, నెత్తురులో ఆక్సిజన్ ఎంత శాతమో చెప్పే క్లిప్పు. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన చెయ్యి, వేళ్ల కొసలు పొగాకుతో నల్లబడ్డయి. "గోరు జూసి ఊపిరి ఎట్ల చెప్తది బిడ్డా?" అన్నది పెద్దమ్మ. మీటర్ 95 చూపించింది. "మంచిగనే ఉన్నదవ్వా" అని ఆశమ్మ పక్కింటికి పోయింది.

ఎట్ల చెప్పాలో 1974లో కనిపెట్టినాయన జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి. వేలిలోంచి ఎర్రటి కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ పంపుతారు. ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఒక పాలులో, లేనిది ఇంకో పాలులో వాటిని పీల్చుకుంటాయి. నాడి కొట్టినప్పుడల్లా మారేది ధమనుల్లోని నెత్తురే గనక ఆ మార్పునొక్కటే లెక్కిస్తే చర్మం రంగుతో పనే లేదు. కాగితం మీద.

ఆ లెక్కను '95'గా మార్చే పట్టిక మాత్రం మనుషుల నుంచే వచ్చింది. ఆరోగ్యవంతులకు ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, నెత్తురు పరీక్షించి, మీటర్ కొలతతో జత చేశారు. అంటే పడికట్టు రాళ్లు వాళ్ల వేళ్లే. అందులో నల్లటి వేళ్లెన్ని? అమెరికాలో మందులను, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ 2013లో అడిగింది కనీసం ఇద్దరిని, లేదా 15 శాతాన్ని, ఏది ఎక్కువైతే అది. 2020 డిసెంబరులో మిషిగన్ పరిశోధకులు బయటపెట్టిన లెక్క చూడండి: మీటర్ 92–96 చూపినా నెత్తురులో నిజంగా 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. 94 కిందికి పడితేనే మంచం దొరికే రోజుల్లో నాలుగు పాయింట్లకు పైగా తేడా అంటే మాటలా?

రంగును బట్టి సాఫ్ట్‌వేర్‌లో సవరణ పెడదామంటారు కొందరు. నాకు నచ్చదు. ఊపిరితిత్తుల పరీక్షలో జాతిని బట్టి సవరణ దశాబ్దాలు నడిచింది, నల్లవాళ్లకు తక్కువ ఊపిరే 'మామూలు' అని రాసిపెట్టింది. అయినా ఏ రంగని నొక్కుతాం? మా పెద్దమ్మదే ముంజేయి ఒక రంగు, వేలి కొస ఒక రంగు. 2025 జనవరి ముసాయిదాలో ఎఫ్‌డీఏ 150 మందికి తక్కువ కాకుండా, అన్ని రంగులవాళ్ల మీద పరీక్షించమన్నది. అట్లయితే ధర పెరిగి ఆశమ్మ సంచిలో మీటరే ఉండదని ఇంకో వాదన. దాన్ని తీసిపారెయ్యలేను.

మర్నాడూ 95 వచ్చింది. ఆశమ్మ క్లిప్పు తియ్యకుండా పెద్దమ్మను వాకిట్లో ఆరు నిమిషాలు నడిపించింది. 91. ఆటో పిలిచినం.