ఆ 20 మార్కుల గొడవ ఎక్కడ మొదలైంది?

పదో తరగతి ఇంటర్నల్ మార్కుల పంచాయితీ తెలంగాణలో ఒక పట్టాన తెమలడం లేదు. వాటిని ఎత్తేస్తున్నట్టు 2024 నవంబరు 28న ప్రకటించారు. విద్యాసంవత్సరం మధ్యలో ఇదేంటని గోల పుట్టేసరికి మర్నాడే తర్వాతి ఏడాదికి వాయిదా వేశారు. తీరా ఆ ఏడాది వచ్చాక, 2025 ఆగస్టులో, పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 మార్కులుండే పాత 80-20 పద్ధతే ఉంటుందన్నారు.

విద్యాహక్కు చట్టం సీసీఈని (నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల్ని గమనిస్తూ అంచనా వేయడం) తెచ్చిన సంగతి తెలిసిందే. అసలు మలుపు 2014-15. అప్పటిదాకా ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్ఏ) ఉద్దేశం ఒక్కటే: పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో టీచరు పాఠం నడుస్తుండగానే పట్టుకుని, బోధన మార్చుకోవడం. ఆ ఏడాది దాన్ని తీసుకెళ్లి పదో తరగతి మెమోకి కట్టేశారు. తరగతిలో పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్, ఒక్కోదానికి 5 మార్కులు.

మార్కు పడితే ఏమవుతుందో ఎడ్యుకేషనల్ సైకాలజీకి అప్పటికే తెలుసు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో చేసిన ప్రయోగం 1988లో అచ్చయింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి పనిమీద నాలుగు మాటల వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందినవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ అందినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మార్కు కనపడ్డాక కింద రాసిన మాట ఎవరు చదువుతారు?

మన దగ్గర జరిగిందీ అదే. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి సామెతలు రాసుకు రమ్మంటే, క్లాసంతా ఒకే గైడులోంచి అవే సామెతలు, అదే వరసలో దించుకొస్తారు. టీచరుకూ తెలుసు. కానీ రిజిస్టరు నింపాలి, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, తనిఖీ బృందం వస్తే చూపించాలి. ఇక ఏ పిల్లకు భిన్నాలు అర్థం కాలేదో కూర్చుని చూసే తీరిక ఎక్కడిది? ఈ మాట సర్కారు బడి టీచర్లు మొదటి నుంచీ చెబుతున్నదే. ప్రైవేటు బడుల్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ 20కి 20 వేస్తున్నారన్న ఆరోపణా పాతదే. తమ పిల్లలు అంత బాగా చేస్తారన్నది యాజమాన్యాల జవాబు.

ఆ జవాబు ఎంత నిలుస్తుందో కొవిడ్ చూపించింది. 2019లో తెలంగాణలో 10 జీపీఏ (అత్యధిక గ్రేడు సగటు) తెచ్చుకున్నవాళ్లు 8,676 మంది. 2021లో పబ్లిక్ పరీక్ష రద్దయి, ఎఫ్ఏ మార్కులతోనే గ్రేడ్లు వేస్తే, 10 జీపీఏ వచ్చినవాళ్లు 2 లక్షలు దాటారు. ఇంటర్నల్స్ తీసేయాలనేవాళ్లకు ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. అయితే ఈ లెక్క తప్పుపట్టేది మెమోలో కలపడాన్ని. పిల్లల్ని ఏడాది పొడవునా గమనించడం మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. వద్దనేవాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2019లోనే పదిలో ఇంటర్నల్ మార్కులు తీసేసింది. ఎఫ్ఏలు మాత్రం బడుల్లో కొనసాగాయి. కాకపోతే 2021లో పరీక్షలు రద్దయినప్పుడు, గ్రేడ్ల కోసం ఆ రాష్ట్రమూ ఎఫ్ఏ మార్కులనే బయటికి తీయాల్సి వచ్చింది.