తొలి కారు, తక్కువ బడ్జెట్: మార్పుల గురించి అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మరమ్మతు షెడ్డు నడిపే నా దగ్గరకు, అప్పుడే లైసెన్సు చేతికొచ్చిన కాలేజీ పిల్లలు తెచ్చే బండ్లు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. నాన్నగారు కొత్త కారు కొనుక్కోగా ఇంట్లో మిగిలిపోయిన స్విఫ్టో, ఆల్టోనో, ఐ10నో అయి ఉంటుంది. వయసు ఎనిమిది, పదేళ్లు, మీటరు లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూ. చేతిలో ఇరవై, ముప్పై వేల రూపాయలు ఉంటాయి. వాటితో బండికి ఏం చేయిస్తే బాగుంటుంది, లేదంటే అమ్మేసి మరో బండికి మారడమే మేలా అన్నది వారి ప్రశ్న. ఆ డబ్బులో ఎక్కువ భాగం ముందుగా బండిని కంపెనీ నుంచి వచ్చిననాటి స్థితికి తీసుకురావడానికే ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం. అలా చేసిన తరువాత హంగుల మీద మోజు సగానికి సగం తగ్గిపోవడం నేను తరచుగా చూస్తున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఒక మాట ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు కారు నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. అందువల్ల వారి విషయంలో మార్పుల ప్రస్తావనే అనవసరం.

అపోహ: పికప్ తగ్గిందంటే ఇంజిన్‌కు శక్తి చాలడం లేదు. కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బిగించే శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టరు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగను తక్కువ అడ్డుతో వదిలేది) పెడితే సరిపోతుంది.

వాస్తవం: పాత బండిలో పికప్ తగ్గిందంటే ఉన్న శక్తి ఎక్కడో వృథా అవుతోందని ముందుగా అనుమానించాలి. దానికి ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఎక్సలరేటర్‌ను గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ తిరిగే వేగాన్ని చూపేది) చప్పున పైకి లేచి, వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. రెండోది షెడ్డులో చేయించుకోవలసినది. బండిని న్యూట్రల్‌లో ఉంచి, జాకీతో లేపి, ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. కాస్త రాపిడితో తిరగడం సహజమే కానీ, రెండు చేతులా బలం పెడితే తప్ప కదలకపోతే కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోయి బ్రేక్ ప్యాడ్లు డిస్కును వదలడం లేదన్నమాట. అలాంటి బండి నిత్యం సగం బ్రేకు వేసుకుని తిరుగుతున్నట్టే. పిన్నులు ఊడదీసి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టడానికి అయ్యే ఖర్చు కోన్ ఫిల్టరు ధరలో చిన్న భాగం మాత్రమే. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన స్పార్క్ ప్లగ్గులు, కార్బన్ పట్టిన థ్రాటిల్ బాడీ, గాలి తగ్గిన టైర్లు, వీటి వరుస దాని తరువాతిది.

ఇక కోన్ ఫిల్టరు సంగతి. కంపెనీ బిగించిన ఫిల్టరు పెట్టె బండి ముందు భాగం నుంచి చల్లటి గాలిని తీసుకునేలా గొట్టం అమర్చి ఉంటుంది. దాన్ని తీసేసి బానెట్ కింద కోన్ పెడితే ఇంజిన్ పీల్చేది అక్కడే మరిగిన వేడి గాలి. వేడి గాలి పలుచన కాబట్టి, మన ఎండల్లో దానివల్ల లాభం అటుంచి నష్టమే ఎక్కువ. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌కు దీనివల్ల పెరిగేది ప్రధానంగా శబ్దమే, ఆ మోతనే చాలామంది వేగమనుకుంటారు. సైలెన్సర్ మార్చేటప్పుడు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పీకించేవారు ఇంకో చిక్కును కొనితెచ్చుకుంటారు. ఆక్సిజన్ సెన్సరు తేడా పసిగట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది, పొల్యూషన్ పరీక్షలో బండి నిలవదు. శబ్ద, వాయు కాలుష్యాల నిబంధనలు మీరినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది.

అపోహ: రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి శక్తి పెంచడం) అంతా మోసం, దానితో ఏమీ రాదు.

వాస్తవం: ఈ మాట నాలాంటి పాతకాలపు మెకానిక్కులే ఎక్కువగా అంటారు, అది సరికాదు. టర్బో డీజిల్ ఇంజిన్లో రీమ్యాప్ నిజంగానే పనిచేస్తుంది. పాత స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1,248 సీసీ ఇంజిన్ కంపెనీ లెక్కన సుమారు 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. టర్బో ఒత్తిడిని, డీజిల్ మోతాదును సాఫ్ట్‌వేర్‌లో పెంచితే తేడా మొదటి గేరు దాటకముందే తెలుస్తుంది. అయితే లక్ష కిలోమీటర్లు తిరిగిన క్లచ్ ప్లేటు 190కే అలసిపోయి ఉంటుంది, అంతకు మించిన టార్క్ దానిమీద పడితే కొద్ది నెలల్లోనే మార్చవలసి రావచ్చు. టర్బో, ఇంజెక్టర్లు కూడా అదే వయసువే కదా. అందువల్ల రీమ్యాప్ ఖరీదును దాని రేటుతో కాకుండా, దాని వెనుక వచ్చే బిల్లులతో కలిపి లెక్కవేసుకోవాలి. టర్బో లేని పెట్రోలు బండికైతే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం రాదు కాబట్టి అసలు ఆలోచించనవసరం లేదు.

అపోహ: టైరు ఎంత వెడల్పైతే పట్టు అంత ఎక్కువ.

వాస్తవం: నాకు ఎక్కువ సమయం పట్టే చర్చ ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. 2011 తరువాత వచ్చిన స్విఫ్ట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్‌కు 185/65 ఆర్15 టైర్లు కంపెనీయే ఇచ్చింది. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. లెక్క కడితే మొదటి చక్రం మొత్తం వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5 మిల్లీమీటర్లు. రిమ్ము ఒక అంగుళం పెరిగినా బయటి కొలత రెండు మిల్లీమీటర్లు కూడా మారలేదు, కనుక స్పీడోమీటరు, గేర్ల నిష్పత్తి చెక్కుచెదరలేదు. ఇలాంటి మార్పు సబబైనది. పై వేరియంట్ నుంచి విప్పిన కంపెనీ రిమ్ములు ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి కూడా.

అదే బండికి చూడటానికి నిండుగా ఉంటుందని 205/65 ఆర్15 వేయిస్తే వ్యాసం 647.5 మిల్లీమీటర్లకు చేరుతుంది. అంటే దాదాపు 4.5 శాతం పెరిగింది. స్పీడోమీటరు ముల్లు చూపే వేగానికీ, నిజంగా వెళ్లే వేగానికీ మధ్య అంత తేడా వస్తుంది, పికప్ ఇంకా తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌ను ఒరుసుకోవచ్చు. పైగా వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు నీటిని చీల్చుకుని వెళ్లడానికి బదులు దానిపై తేలే అవకాశం ఎక్కువ.

పట్టును నిజంగా నిర్ణయించేవి రబ్బరు వయసు, గాడి లోతు. టైరు పక్కగోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరుకు గాడులు నిండుగా ఉన్నా, గోటితో నొక్కితే చెక్కలా తగులుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చి తీరాలి. ఆ హద్దును తెలిపే చిన్న రబ్బరు దిమ్మెలు గాడుల మధ్యలోనే ఉంటాయి. నన్నడిగితే ముప్పై వేల బడ్జెట్‌లో తొలి ఖర్చు కంపెనీ సైజులో నాలుగు కొత్త టైర్లు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, బ్రేక్ ఆయిల్ మార్పిడి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది. నా దగ్గరకు వచ్చే బండ్లలో అది కాఫీ రంగుకు తిరిగి ఉండటం మామూలే.

అపోహ: స్ప్రింగులు ఒక చుట్టు కోయిస్తే బండి రోడ్డును కరుచుకుని వెళుతుంది, ఖర్చు కూడా ఉండదు.

వాస్తవం: పనిచేసే చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే దాదాపు 20 శాతం బిరుసెక్కుతుంది, షాకులు (షాక్ అబ్జార్బర్లు) మాత్రం పాతవే. కాబట్టి అవి ఆ గట్టి స్ప్రింగును అదుపు చేయలేవు, ప్రయాణించే దూరం కూడా తగ్గడంతో ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా చివరి రబ్బరుకు గుద్దుకుంటాయి. గతుకుల మీద టైరు రోడ్డును వదిలి ఎగరడమే తప్ప కరుచుకోవడం ఉండదు. మా షెడ్డులో ఈ పని చేయము. బండి తూలుతున్నట్టు అనిపిస్తే షాకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించి చూడండి.

అపోహ: రాత్రి వెలుగు చాలకపోతే ఎక్కువ వాట్ల బల్బు వేస్తే చాలు.

వాస్తవం: చాలా పాత హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండేది 60/55 వాట్ల హెచ్4 బల్బు. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు, దాని స్థానంలో 100 వాట్లది పెడితే 8 ఆంపియర్లు దాటుతుంది. కంపెనీ వైరింగ్, హోల్డరు అంత కరెంటుకు తయారైనవి కావు. హోల్డరు ప్లాస్టిక్ కరిగి బల్బు కాళ్లకు అతుక్కుపోయిన హెడ్‌లైట్లు నేను చాలానే విప్పాను. హాలోజన్ కోసం మలిచిన రిఫ్లెక్టరులో చౌకరకం ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు కావలసిన చోట పడక, ఎదుటివారి కళ్లలో పడుతుంది.

వెలుగు తగ్గడానికి అసలు కారణం చాలాసార్లు పసుపురంగుకు మారిన హెడ్‌లైటు పై అద్దమే. 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి, 1,000, 2,000 నంబర్లతో తడిగా రుద్ది, పాలిష్ చేసి, ఎండను ఆపే క్లియర్ పూత వేస్తే అద్దం తేటపడుతుంది. పూత మానేస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. ఆ తరువాత కొత్త కంపెనీ బల్బులు వేసి, గోడ ముందు బండి నిలబెట్టి లైట్ల ఎత్తు సరిచేయించండి. పిల్లలు సొంతంగా ఇంట్లో చేసుకోదగిన పనుల్లో ఇదొకటి.

అపోహ: బండి నాది, ఏం మార్చుకున్నా అడిగేవారు లేరు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. బండి నిర్మాణాన్ని మార్చి దాని మౌలిక లక్షణాన్నే మార్చడాన్ని చట్టం మార్పుగా నిర్వచిస్తుంది, కాబట్టి సీటు కవర్లు, మ్యాట్లు, మ్యూజిక్ సిస్టమ్ వంటివి దీని కిందకు రావు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు వివరాలకు భిన్నమైన నిర్మాణ మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలును అదే ఏడాది సవరణ కల్పించింది. రంగు ఆర్‌సీలో ఉంటుంది కనుక పెయింటు మార్చేముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని నమోదు చేయించాలి. అద్దాల విషయంలో ముందు, వెనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం వెలుగు లోపలికి రావాలి. ముందు బిగించే ఇనుప గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సరుకు అందవలసిన దెబ్బ తీరును అవి మార్చివేయగలవు.

బీమా కంపెనీకి తెలియజేయని మార్పు ప్రమాదానికి కారణమైతే సొంత నష్టం క్లెయిమ్ తగ్గవచ్చు, తిరస్కరించవచ్చు కూడా. వైర్లు కత్తిరించి జోడించిన అదనపు లైట్ల దగ్గర మంట పుట్టినప్పుడు సర్వేయర్ మొదట చూసేది ఆ జోడింపునే.

అపోహ: పెట్టిన హంగుల డబ్బు అమ్మేటప్పుడు తిరిగొస్తుంది.

వాస్తవం: రాదు. సెకండ్‌హ్యాండ్ కొనేవారు మార్పులు చేసిన బండిని చూస్తే దాన్ని దూకుడుగా నడిపారనుకుంటారు. విప్పిన కంపెనీ భాగాలను మాత్రం భద్రంగా దాచుకోండి.

అపోహ: కొత్త బండిలో ఉన్నవన్నీ పాత బండిలో పెట్టించుకోవచ్చు, మారవలసిన అవసరమే లేదు.

వాస్తవం: టచ్‌స్క్రీను, రివర్స్ కెమెరా పెట్టించుకోవచ్చు. ఏబీఎస్‌ను (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ), ఎయిర్‌బ్యాగులను బయట షెడ్డులో నమ్మకంగా అమర్చడం సాధ్యం కాదు. సెన్సర్లు, వైరింగ్, సీటు బెల్టులు, బాడీ అన్నీ కలిసి పనిచేసేలా కంపెనీలోనే తయారు కావాలి. మన దేశంలో కొత్తగా అమ్మే కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్, 2022 జనవరి నుంచి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు కింది వేరియంట్లలో ఇవి చాలావరకు లేవు. మీ ఇంటి బండి అలాంటిదై, మీరు రోజూ హైవే మీద కాలేజీకి వెళ్లేవారైతే, హంగుల కోసం దాచిన డబ్బును అలాగే ఉంచి, 2019 తరువాతి చిన్న కారుకు మారడమే సరైన అప్‌గ్రేడ్ అని నేను నిక్కచ్చిగా చెబుతాను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి కొని, అందం కోసం స్పోర్ట్స్ స్టీరింగ్ బిగించి ఉన్న ఎయిర్‌బ్యాగ్‌ను చేజేతులా తీసేయించుకునేవారు కూడా ఉన్నారు, అది మరీ విడ్డూరం.

మారేటప్పుడు చాలామంది వదులుకునే లాభం ఒకటుంది. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. పాత కారు నాన్నగారి పేరున ఉండి, ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుంటే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు రాయితీ ఆయనకు చెందుతుంది, కొత్తగా కొనే బండి కూడా ఆయన పేరునే ఉంటే దానికి బదిలీ అవుతుంది. పాత బండి అమ్మిన వెంటనే బీమా కంపెనీ నుంచి ఆ మేరకు పత్రం తీసుకోండి. బండిని కొన్నవారి పేరుకు మార్చేందుకు ఇచ్చే ఫారం 29, ఫారం 30 సంతకాలతోనే ఊరుకోకుండా, ఆర్‌సీ కొన్నవారి పేరుకు మారిందో లేదో పరివాహన్ పోర్టల్‌లో చూసుకోండి. అప్పటివరకు ఆ బండి మీద పడే చలాన్లు నాన్నగారి పేరునే వస్తాయి.