హెచ్‌ఆర్ వాళ్ళు మీ ఇన్‌స్టా చూస్తారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో హెచ్‌ఆర్ పని చూస్తాను. పెళ్ళికెళ్ళినా, పేరంటానికెళ్ళినా ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతారు: "మావాడి ఇన్‌స్టా ఫొటోలు చూసి ఉద్యోగం ఆపేస్తారా అమ్మా?" జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆఫర్ ఇచ్చే ముందు మీ ఫేస్‌బుక్ మొత్తం తవ్వుతారు.

వాస్తవం: అంత తీరిక మాకెక్కడిది? ఒక్క పోస్టుకి వందల రెజ్యూమెలు వచ్చి పడతాయి. మా దగ్గర చూసేది లింక్డ్‌ఇన్, అదీ తేదీల కోసం. పాత కంపెనీలో 2021 జూన్ దాకా చేశానని రెజ్యూమెలో, 2020 డిసెంబర్ దాకా అని లింక్డ్‌ఇన్‌లో ఉంటే ఫోన్ చేసి అడుగుతాం. చాలాసార్లు అది మతిమరుపే. దొంగ ఎక్స్‌పీరియెన్స్ బయటపడేది పీఎఫ్ దగ్గర. యూఏఎన్ (పీఎఫ్ కోసం ఉద్యోగికిచ్చే నంబరు) సర్వీస్ హిస్టరీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది.

పర్సనల్ ప్రొఫైల్స్ తెరవొద్దని మా టీమ్‌కి గట్టిగా చెప్తాను. కులం, పార్టీ, కడుపుతో ఉన్న సంగతి, ఏదైనా ఒకసారి కంటపడ్డాక ఏమీ తెలియనట్టు ఇంటర్వ్యూ చేయడం నా వల్ల కాదు. అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయని పూచీ మాత్రం పడలేను.

అపోహ: లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' (ఉద్యోగం వెతుకుతున్నాను) అని పెడితే మేనేజర్‌కి తెలిసిపోతుంది.

వాస్తవం: ఫొటో చుట్టూ పచ్చ రింగు పెడితే అందరికీ కనిపిస్తుంది, మేనేజర్‌తో సహా. రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలు కూడా ఉంది. అప్పుడు మీ కంపెనీ రిక్రూటర్ల కంటపడకుండా చూస్తామంటుంది లింక్డ్‌ఇన్, కానీ గ్యారంటీ ఇవ్వదు.

అపోహ: కంపెనీ గురించి నెట్‌లో ఉన్న చెడ్డ రివ్యూల మీద నాలుగు మంచి రివ్యూలు వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇది మేనేజ్‌మెంట్ల అపోహ, ఈ పాపంలో నాకూ వాటా ఉంది. పాత కంపెనీలో పైవాళ్ళు చెప్పారని రివ్యూ సైట్‌లో ఐదు స్టార్లు పెట్టమని టీమ్‌ని నేనే బతిమాలాను. ఏం రాయాలో తెలియట్లేదంటే నమూనా కూడా పంపాను. వారం తిరక్కుండా ఇంటర్వ్యూకొచ్చిన ఒకమ్మాయి ఫోన్ తీసి చూపించింది. "మేడమ్, ఈ పదీ ఒకేరోజు వచ్చాయి. అన్నింట్లోనూ 'ఫ్యామిలీ లాంటి వాతావరణం' అనే ఉంది." నాకు నోట మాట రాలేదు. ఆఫర్ ఇచ్చాం, ఆమె చేరలేదు. అంతకుముందున్న చెడ్డ రివ్యూలన్నీ ఒక్క సంగతే మొత్తుకున్నాయి: ఉద్యోగం మానేసినవాళ్ళకి రిలీవింగ్ లెటర్ నెలల తరబడి ఇవ్వరని. అది సరిచేయడానికి మాకు పట్టింది రెండు వారాలే.

అపోహ: రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అన్నమాట ఆఫీసు లెక్కలోకి రాదు.

వాస్తవం: వస్తుంది. టీమ్ గ్రూపులో ఒక సీనియర్ 'జోక్'గా పంపిన స్టిక్కర్ మీద ఫిర్యాదు నా దగ్గరికే వచ్చింది. ఆయన వాదనల్లా "ఆఫీసు టైమ్ కాదు, ఆఫీసు ఫోన్ కాదు" అని. 2013 నాటి పాష్ చట్టం (పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపుల్ని అడ్డుకునే చట్టం) ఫోన్ ఎవరిదని అడగదు, అవతలి మహిళకి ఇష్టంలేని లైంగిక ప్రవర్తనేనా అని చూస్తుంది. పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఈ ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. మెసేజ్ డిలీట్ కాకముందే స్క్రీన్‌షాట్ తీసి, చాట్ అలాగే ఉంచుకోండి.

అపోహ: లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ ఉందంటే ఆ హెచ్‌ఆర్ నిజమే.

వాస్తవం: ఒక సోమవారం రిసెప్షన్ నుంచి ఫోన్: "మేడమ్, జాయినింగ్ అంటూ ఒకబ్బాయి వచ్చాడు, లిస్టులో పేరు లేదు." కిందికి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, కొత్త బ్యాగు, పక్కన వాళ్ళ నాన్న. చేతిలో మా లోగోతో ఆఫర్ లెటర్. నా ఫొటో పెట్టిన ప్రొఫైల్ నుంచి మెసేజ్ వచ్చిందట. తర్వాత టెలిగ్రామ్‌లో ఇంటర్వ్యూ, లాప్‌టాప్ డిపాజిట్ పేరుతో పద్దెనిమిది వేలు. మేం ఎవరి దగ్గరా డిపాజిట్లు తీసుకోం అని చెప్పి, అక్కడే కూర్చోబెట్టి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. డబ్బు కట్టి అప్పటికి తొమ్మిది రోజులైంది. మొదటి గంటల్లోనే చేసుంటే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువుండేది.

వెళ్తూ ఆ పెద్దాయన లెటర్ నా ముందు పెట్టి, "సంతకం మీదే కదమ్మా?" అన్నాడు. పేరు నాదే. ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం తప్పు.