చిన్నపిల్లలతో బీచ్‌కి: విశాఖ ఒడ్డున అపోహలు - వాస్తవాలు

ఆదివారం వస్తే విశాఖలో చాలా ఇళ్ళలో ఒకటే చర్చ. ఆర్కేనా, రుషికొండా, భీమిలా, యారాడా? ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో బీచ్ పేరు తేల్చుకుంటే సగం పని కూడా అయినట్టు కాదు. ఒకే బీచ్‌లో వంద మీటర్ల తేడాతో ఒకచోట పిల్లలు నిశ్చింతగా ఆడుకోవచ్చు, ఇంకోచోట పెద్దవాళ్ళు కూడా దిగకూడదు. ఆ చోట్లు కూడా కాలాన్ని బట్టి, రోజును బట్టి మారిపోతాయి. నీటి భద్రత పని చేసే మాలాంటివాళ్ళకి తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే మాటలు, వాటికి మా జవాబులు ఇవి.

అపోహ: అలలు లేనిచోట దించితే భయం లేదు

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

కెరటాలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి పోవాలి కదా. నీళ్ళ అడుగున ఇసుక మేటల మధ్య ఎక్కడ లోతైన సందు దొరికితే అక్కడి నుంచి పోతాయి. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి కెరటం విరగదు. అటూ ఇటూ తెల్లగా నురగ కడుతూ, మధ్యలో పది ఇరవై మీటర్ల మేర మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో నీళ్ళు కనిపిస్తాయి. అదే రిప్ కరెంట్. చూడ్డానికి చెరువులా ఉంటుంది. అందుకే అమ్మానాన్నలు పిల్లల చెయ్యి పట్టుకుని సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు. దాని వేగం సెకనుకు అర మీటరు నుంచి ఒక మీటరు వరకు ఉంటుంది, సముద్రం పోటెత్తిన రోజు రెండు మీటర్లు కూడా దాటొచ్చు. అంత వేగానికి ఎదురీదడం బాగా ఈత వచ్చినవాళ్ళ వల్ల కూడా కాదు.

దాన్ని పసిగట్టాలంటే ఎత్తు నుంచి చూడాలి. ఇసుకలోకి దిగకముందే బీచ్ రోడ్డు గోడ దగ్గర పది నిమిషాలు నిలబడండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, మధ్యలో కాసేపు సద్దుమణుగుతాయి. రెండు నిమిషాలు చూసి దిగితే ఆ సద్దుమణిగిన కాసేపే మీకు కనపడి ఉంటుంది. నురగో, ఎండుటాకులో, చెత్తో ఒడ్డుకు రాకుండా లోపలికి పోతున్న చోటు ఉందా? కెరటాల తెల్లటి వరస ఎక్కడైనా తెగిందా? నీళ్ళు ఒకచోట మాత్రం ఇసుక రంగులో మురికిగా బయటికి సాగుతున్నాయా? వీటిలో ఏది కనపడినా అక్కడి నుంచి కనీసం యాభై మీటర్లు జరగండి. రాళ్ళ గుట్టల పక్కన, గోడల పక్కన, గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసేచోట ఈ లాగుడు ఎప్పుడూ ఉండొచ్చనే అనుకోండి.

ఒకవేళ పెద్దవాళ్ళు అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. రిప్ కరెంట్ మనిషిని లోపలికి తీసుకుపోతుంది తప్ప అడుక్కి లాగదు. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, నురగ కడుతున్న చోటికి చేరాలి.

అపోహ: మోకాలి లోతే కదా

ఎవరి మోకాలు? నాన్న మోకాలి లోతు మూడేళ్ళ పాపకి నడుం దాకా వస్తుంది. పైగా కెరటం వచ్చినప్పుడు ఆ లోతు రెట్టింపవుతుంది.

ఆర్కే బీచ్‌లో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది. ఏటవాలు ఒడ్డు మీద కెరటం దూరంగా విరిగి మెల్లగా పాకి రాదు, ఒడ్డు మీదే దభాలున పడుతుంది. వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను కోసుకుంటూ పోతుంది. పెద్దవాళ్ళకి అరికాళ్ళ కింద చక్కిలిగిలిలా ఉండే ఆ కోతకే పిల్లలు వెనక్కి పడిపోతారు, లేచేలోగా రెండో కెరటం మీద పడుతుంది.

ఒడ్డు వాలు కొలవడం తేలిక. ఒక్క పెద్దవాళ్ళే ముందు దిగండి. చీలమండ తడిసిన చోటి నుంచి మామూలు అడుగులు వేస్తూ లెక్కపెట్టండి. అయిదారు అడుగుల్లోనే నీళ్ళు నడుం దాకా వచ్చాయంటే అది చిన్నపిల్లల చోటు కాదు. పదిహేను ఇరవై అడుగులు వేసినా మోకాలి దగ్గరే ఉంటే పర్వాలేదు. కిందటి సంక్రాంతికి బాగున్న చోటే ఇప్పుడూ బాగుంటుందని అనుకోవద్దు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటుంది. హార్బరు కట్టల దగ్గర అది ఆగిపోతుంది కాబట్టి డ్రెడ్జర్లతో తవ్వి ఆర్కే వైపు పోస్తుంటారు. ఒడ్డు ఆకారం అలా మారుతూనే ఉంటుంది.

అయిదేళ్ళ లోపు పిల్లలు నీళ్ళలో ఉంటే ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. ఒడ్డున కూర్చుని “లోపలికి పోకురా” అని కేకలేయడం కాపలా కాదు.

అపోహ: అమావాస్య, పౌర్ణమి తప్పిస్తే చాలు

ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా పెరిగే మాట నిజమే. కానీ విశాఖలో ఆ తేడా పౌర్ణమికి కూడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర పది మీటర్ల దాకా వస్తుంది. మన దగ్గర ప్రమాదాన్ని తేల్చేది చంద్రుడికంటే ఎక్కువగా అలల బలం. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు, అక్టోబరు నుంచి డిసెంబరు మొదట్లో దాకా తుపాన్లు. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండి, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా అలలు మాత్రం వచ్చేస్తాయి. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సూచన చూడండి. ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు పిల్లల్ని కైలాసగిరికి తీసుకెళ్ళండి, సముద్రం అక్కడి నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది.

చిన్నపిల్లలకి మా మొదటి ఓటు జనవరి నుంచి మార్చి వరకు. కార్తీక పౌర్ణమి, మాఘ స్నానాల రోజుల్లో జనమే పెద్ద ప్రమాదం, పిల్లలు తప్పిపోతారు. చేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాసిపెట్టండి. బిడ్డ కనపడకపోతే ముందు నీళ్ళ వైపు చూడండి, బజ్జీల బండ్ల వైపు తర్వాత.

అపోహ: ట్యూబ్ వేశాం కాబట్టి మునగరు

మునగకపోవచ్చు, కొట్టుకుపోతారు. ముఖ్యంగా చలికాలం పొద్దున. రాత్రి నుంచి ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల వరకు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఆ గాలికే ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఆ గాలే రంగురంగుల ట్యూబ్‌ను మెల్లగా లోపలికి నెడుతుంది. గాలి ఊదే బొమ్మలన్నీ స్విమ్మింగ్ పూల్ కోసం చేసినవి. చంకల కింద ఇరుక్కునే ట్యూబ్ తిరగబడితే తల కిందికి, కాళ్ళు పైకి అవుతాయి. సముద్రానికి కావాల్సింది కాళ్ళ మధ్య పట్టీ ఉండి, బిడ్డ బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్. అది వేసినా చెయ్యందే దూరం నియమం మారదు.

బట్టల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నీలం, తెలుపు, బూడిద రంగు బట్టలు నీళ్ళలో కలిసిపోయి కనపడవు. నిండు నారింజ, చిలకపచ్చ, గులాబీ రంగులు వేయండి. జీన్సు, కుచ్చుల గౌన్లు తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి.

అపోహ: బ్లూ ఫ్లాగ్ ఉందంటే అక్కడ ప్రమాదం లేనట్టే

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, మరుగుదొడ్లు, చెత్త నిర్వహణ, లైఫ్‌గార్డులు వంటి 33 ప్రమాణాలు చూసి ఇచ్చే జెండా అది, ప్రతి సీజన్‌కీ మళ్ళీ పరీక్ష ఉంటుంది. కుటుంబానికి ఇవన్నీ చాలా పెద్ద సౌకర్యాలు. బట్టలు మార్చుకునే గది, మంచినీళ్ళతో కడుక్కునే చోటు ఉంటే చిన్నపిల్లల తల్లికి సగం అలసట తగ్గుతుంది. అయితే జెండా కెరటాలను ఆపదు. ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా రుషికొండలో కొట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. లైఫ్‌గార్డు ఉన్న ముక్కలోనే, ఆయన కళ్ళెదుటే దిగండి. “ఈ రోజు పిల్లలకి ఏ వైపు బాగుందన్నా?” అని అడగండి. అంతకంటే మంచి సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

అపోహ: జనం లేని బీచే పిల్లలకి హాయి

యారాడ అందమైన చోటు, కాదనం. కానీ కొండ మలుపులు దాటి వెళ్ళాలి, లాగుడు బలంగా ఉంటుంది, ఏదైనా జరిగితే ఆస్పత్రి దూరం. అప్పికొండ, మంగమారిపేట రాళ్ళ దగ్గర కూడా నీళ్ళు చూడ్డానికే, దిగడానికి కాదు. తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద నాచు జారుతుంది, రాళ్ళకు అంటుకున్న గవ్వల్లాంటి పెంకులు పాదాలను కోసేస్తాయి. ఆటు సమయంలో వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసి, చెయ్యి వదలకుండా ఆ గుంటల్లో పీతల్ని చూపిస్తే మాత్రం పిల్లలు గంటసేపు కదలరు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి దూరంగా ఉండండి. ఆటు వేళ నది నీళ్ళు కూడా తోడై బయటికి తోస్తాయి.

మరుగుదొడ్డి, నీడ, లైఫ్‌గార్డు, బండి ఆగేచోటి నుంచి తక్కువ నడక. ఈ నాలుగూ ఉన్న రద్దీ బీచ్ అయినా నిర్మానుష్యమైన అందమైన బీచ్ కంటే పిల్లలకి మేలు.

అపోహ: ఇసుకలో ఆగిన చిన్న మడుగులో ఆడుకోనివ్వొచ్చు

కెరటాలు లేవు, లోతు లేదు, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పిల్లలు పరుగెత్తుకుంటూ పోయేది అక్కడికే. ఒకసారి ఆ మడుగు వెనక్కి కళ్ళు తిప్పి చూడండి. గోడ కింద నుంచి తూముగానీ, గెడ్డగానీ వస్తుంటే అది ఊరి మురుగు. అంచున నల్లటి ఇసుక, బుడగలు, వాసన ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. గట్టి వాన పడ్డాక రెండు మూడు రోజులు తూముల దగ్గర సముద్రపు నీళ్ళలో కూడా దింపొద్దు. పిల్లలు ఆడుతూ ఆడుతూ మింగే నీళ్ళు పెద్దల కంటే ఎక్కువ.

పొడి ఇసుకలో గుంత తవ్వుకోవడం మంచి ఆట, కానీ లోతు బిడ్డ మోకాలు దాటకూడదు. ఇసుక గోడ కూలితే ఊపిరాడదు, చేతులతో తవ్వి తీయడం చాలా కష్టం. వెళ్ళేటప్పుడు పూడ్చేయండి.

అపోహ: తెల్లవారుజామే అన్నిటికంటే మంచి వేళ

ఎండ పరంగా అవును. కానీ మన తీరం తూర్పు ముఖం. సూర్యుడు వచ్చాక గంటా రెండు గంటల పాటు వెలుగు నీళ్ళ మీద నుంచి సూటిగా కళ్ళలో కొడుతుంది. ఆ తళతళలో చిన్న తల కనపడదు. సాయంత్రం నాలుగు తర్వాత సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, నీళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే నీళ్ళలో ఆటకి సాయంత్రం, ఇసుకలో ఆటకి పొద్దున అని చెప్తాం. డిసెంబరులో అయిదున్నరకే సూర్యాస్తమయం కాబట్టి అయిదింటికల్లా పిల్లల్ని నీళ్ళలోంచి తీసేయాలి. పది నుంచి మూడు వరకు మబ్బు పట్టినా వద్దు, మబ్బులోంచి కూడా చర్మం మాడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ క్రీము ఇంటి దగ్గరే రాసి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయండి. ఆరు నెలల లోపు పసివాళ్ళకి క్రీము కాదు, నీడే.

అపోహ: తినగానే దిగితే తిమ్మిరెక్కి మునిగిపోతారు

దీనికి ఆధారం లేదు. ముంత మసాలా తిన్న బిడ్డకి కావాల్సింది మంచినీళ్ళు.

అపోహ: మునిగేవాళ్ళు అరుస్తారు

అరవాలంటే ఊపిరి కావాలి. నోరు నీళ్ళ మట్టంలో, తల వెనక్కి వాలి, చేతులు పక్కలకి నీళ్ళను నొక్కుతూ ఉంటాయి. శబ్దం ఉండదు, నిమిషం లోపే మునిగిపోవచ్చు. ఎంతమంది పెద్దలున్నా ఒకరిని పదిహేను నిమిషాలకి కాపలా పెట్టండి. ఆ పదిహేను నిమిషాలు ఆ మనిషి ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలి. మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల క్యాన్‌కి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి పక్కన పెట్టుకోండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే దూకకుండా దాన్ని విసరండి, లైఫ్‌గార్డును పిలవండి, 112కి ఫోన్ చేయించండి. బిడ్డ కోసం దూకిన తండ్రి కూడా పోయిన ఇళ్ళున్నాయి.

అపోహ: బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలి

వద్దు. తలకిందులుగా పట్టుకుని తిప్పడం అసలే వద్దు. పొట్టలో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముందు అయిదు సార్లు నోటితో ఊపిరి ఊదాలి. ఛాతీ లేస్తోందో లేదో చూడాలి. కదలిక రాకపోతే ఛాతీ మధ్య ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం, ఛాతీ మందంలో మూడో వంతు లోతు. పిల్లలకి ఒక అరచెయ్యి, ఏడాది లోపు పసివాళ్ళకి రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్ళు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ ఊపిరి తీసుకునేదాకా, లేదా అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని హుషారుగా మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లోపలికి పోయిన నీళ్ళ ప్రభావం కొన్ని గంటల తర్వాత దగ్గు, ఆయాసంగా బయటపడొచ్చు. ఆర్కే బీచ్‌లో ఉంటే కేజీహెచ్ (కింగ్ జార్జి ఆస్పత్రి) దగ్గరే.