‘గా’ కనిపిస్తే క్రియావిశేషణమేనా? భాషాభాగాల బోధనలో అపోహలు - వాస్తవాలు

ఆరో తరగతి పిల్లల్ని సర్వనామం అంటే ఏమిటని అడిగితే ‘నామవాచకానికి బదులుగా వాడేది’ అని ఠక్కున అప్పజెప్తారు. వాక్యం ఇచ్చి గుర్తించమంటే తడబడతారు. నిర్వచనం ముందు చెప్పి వాక్యం తర్వాత చూపించడం వల్ల వచ్చే చిక్కు ఇది. పదం వాక్యంలో ఏం పని చేస్తోందో చూశాకే దానికి పేరు పెట్టాలి. ఆ వరుస తలకిందులైన చోటే కింది అపోహలు పుడుతున్నాయి.

అపోహ: పేరుకు బదులు వచ్చేదే సర్వనామం, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

వాస్తవం: అతడు, ఆమె, అది, వాళ్లు వరకు ఈ మాట చెల్లుతుంది. ‘నేను’, ‘నువ్వు’ ముందు చెప్పిన ఏ పేరుకూ బదులు రావు. మాట్లాడేవాళ్లు మారితే ‘నేను’ ఎవరన్నదీ మారుతుంది. ‘ఎవరు’ అని అడిగేటప్పుడు అసలు పేరే తెలియదు. అందుకే మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు, మూడోవాళ్లు, తెలియనివాళ్లు అని నాలుగు గడులు గీసి పదాలను అందులో పెట్టించండి.

ఆ తర్వాత ఇద్దరు అబ్బాయిలున్న చిన్న పేరా ఇవ్వండి: ‘రవి సలీం ఇంటికి వెళ్లాడు. రవి సలీం సైకిలు తీసుకున్నాడు. రవి సలీంకు థాంక్స్ చెప్పాడు.’ పేర్లన్నీ కొట్టేసి సర్వనామాలు పెట్టమనండి. ‘అతడు అతని సైకిలు తీసుకున్నాడు’ అని రాస్తారు. ఎవరు ఎవరి సైకిలు తీసుకున్నారో రాసినవాళ్లకే అర్థం కాదు. ఇప్పుడు అయోమయం పోయేదాకా పేర్లను ఒక్కొక్కటిగా వెనక్కి తెప్పించండి. సర్వనామం ఎక్కడ వాడకూడదో తెలియడం దీంట్లో అసలు పాఠం.

ఇక్కడే ‘తన’ను పరిచయం చేయాలి. ‘రవి తన సైకిలు తీసుకున్నాడు’ అంటే రవిదే. ‘రవి అతని సైకిలు తీసుకున్నాడు’ అంటే ఇంకొకరిది. ఇంగ్లీషులో ‘హిజ్’ రెండింటికీ సరిపోతుంది కాబట్టి, ఇంగ్లీషులో ఆలోచించి రాసే పిల్లలు అంతటా ‘అతని’ పెట్టేస్తారు, అర్థం మారిపోతుంది.

‘మనం’, ‘మేము’ తేడాకు ఒక పీరియడ్ కేటాయించినా తప్పులేదు. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు దశలవారీగా తప్పనిసరి అయింది. దాంతో హైదరాబాద్ తరగతి గదుల్లో ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలూ తెలుగు చదువుతున్నారు. ‘హమ్’ ఒక్కదానితో రెండింటినీ నెట్టుకొచ్చేవాళ్లు, ఎదుటివారిని కలుపుకొని కూడా ‘మేము వెళ్దాం’ అంటారు. హైదరాబాదీ ఉర్దూలో ‘అపన్ చల్తే’ అనే మాట వాళ్లకు తెలిసిందే. ఆ ‘అపన్’ మన ‘మనం’ అని చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

అపోహ: చివర ‘గా’ ఉంటే క్రియావిశేషణం (పని ఎలా, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పే పదం).

వాస్తవం: పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. నాలుగు వాక్యాలు బోర్డు మీద రాయండి: ‘పాప మెల్లగా నడిచింది.’ ‘అమ్మ టీచరుగా పనిచేస్తోంది.’ ‘పూలు అందంగా ఉన్నాయి.’ ‘నువ్వే చెప్పావుగా!’ మొదటిదాంట్లో నడిచిన తీరు ఉంది. రెండోదాంట్లో హోదా ఉంది. మూడోదాంట్లో ‘అందంగా’ పూల గుణం చెబుతోంది. నాలుగోదాంట్లో ‘గా’ మాటకు ఊతం మాత్రమే.

‘ఎలా?’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘పూలు ఎలా ఉన్నాయి?’ అన్నా ‘అందంగా’ అనే జవాబొస్తుంది. రెండో పరీక్ష కూడా పెట్టాలి: ఆ పదాన్ని విశేషణంగా మార్చి పేరుకు ముందు పెట్టి చూడాలి. ‘అందమైన పూలు’ కుదిరింది, అర్థం మారలేదు. అంటే అది పూల గురించి చెప్పిన మాట. ‘మెల్లనైన పాప’ కుదరదు, కాబట్టి ‘మెల్లగా’ క్రియకే చెందుతుంది. ఈ తేడా తెలియని పిల్లలే ఇంగ్లీషులో ‘ద ఫ్లవర్స్ ఆర్ బ్యూటిఫుల్లీ’ అని రాస్తారు. నిన్న, మళ్లీ, గబగబా, టక్కున లాంటి ‘గా’ లేని పదాలను కూడా అదే రోజు కలిపి చెప్పండి. లేకపోతే ‘గా’ గుర్తు మాత్రమే బుర్రలో ఉండిపోతుంది.

అపోహ: ఇంట్లో మాట్లాడే యాస వ్యాకరణానికి అడ్డం.

వాస్తవం: అదే మంచి ముడిసరుకు. బోర్డు మీద దగ్గర, దూరం, ప్రశ్న అని మూడు నిలువు గడులు గీసి ఇది-అది-ఏది, ఇక్కడ-అక్కడ-ఎక్కడ, ఇలా-అలా-ఎలా, ఇంత-అంత-ఎంత రాయండి. పక్కనే పిల్లల ఇంటిమాటలు చెప్పించండి. ఈడ-ఆడ-ఏడ, గిట్ల-గట్ల-ఎట్ల వచ్చి అవే గడుల్లో కూర్చుంటాయి. ‘జల్ది రా’, ‘జర ఆగు’లో మొదటి పదాలు క్రియావిశేషణాలేనని పిల్లలే కనిపెడతారు. ఇంటి మాటను తప్పు అని కొట్టేస్తే మర్నాటి నుంచి ఉదాహరణ అడిగినా నోరు విప్పరు.

ఈ పట్టికలోనే ఒక జాగ్రత్త. ‘అది చూడు’లో ‘అది’ సర్వనామం. ‘ఆ చెట్టు చూడు’లో ‘ఆ’ విశేషణం, ఎందుకంటే వెంటనే పేరుంది. ఇంగ్లీషు ‘దట్’ రెండు పనులూ చేస్తుంది కాబట్టి రెండు వాక్యాలూ పక్కపక్కనే రాసి చూపాలి.

అపోహ: భాషాభాగాలు ఇంగ్లీషులో 8, తెలుగులో 5. ఒకదానికొకటి జత చేస్తే సరి.

వాస్తవం: జత కుదరదు. ఇంగ్లీషులో పేరుకు ముందొచ్చే ప్రిపోజిషన్ల పనిని తెలుగులో చాలావరకు పేరు వెనకొచ్చే విభక్తులు చేస్తాయి: ‘బస్సులో’, ‘అమ్మతో’. ‘అండ్’కు ‘మరియు’ పెట్టడం ఇంకో అలవాటు. తెలుగులో ‘అన్నా, చెల్లీ వచ్చారు’ అని దీర్ఘంతోనూ, ‘వచ్చి, తిని, వెళ్లాడు’ అని అసమాపక క్రియలతోనూ ఆ పని జరిగిపోతుంది.

అవ్యయం, అంటే లింగ, వచన, విభక్తులను బట్టి రూపం మారని పదం, ఎప్పుడూ మారదన్న మాటనూ అలాగే చెప్పి వదిలేయకండి. ‘రేపటికి’, ‘ఇక్కడి నుంచి’ అని పిల్లలు రోజూ అంటూనే ఉంటారు, ఆ ప్రశ్న వస్తుంది.

అపోహ: పదాల జాబితా ఇచ్చి భాషాభాగాలుగా విడగొట్టమంటే పరీక్ష అయిపోయినట్టే.

వాస్తవం: ‘మంచి’ అనే పదం ఒంటరిగా ఇస్తే జవాబు చెప్పలేం. ‘మంచి మాట’లో విశేషణం, ‘నలుగురికీ మంచి చెయ్యి’లో నామవాచకం. వాక్యంతో సహా ఇచ్చి, గీత గీసిన పదం పేరుకు అర మార్కు, ఎలా గుర్తించారో రాసినదానికి అర మార్కు పెట్టండి. పేరు సరిగా రాసి కారణం తప్పు రాసినవాళ్లు బట్టీ పట్టారని అర్థం. వాళ్లకు మర్నాడు అదే పదంతో మరో రెండు వాక్యాలు ఇవ్వండి.