కాగితంలో ఏముంటుంది, పాత దస్తావేజు ఎందుకు పెళుసవుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

కాగితపు గుజ్జును పరీక్షించడం నా వృత్తి. రాజమహేంద్రవరం నుంచి కోనసీమ దాకా ఏ ఇంటి బీరువా తెరిచినా తాతల నాటి పొలం దస్తావేజులు కనిపిస్తాయి. వాటి గురించి, కాగితం తయారీ గురించి తరచుగా వినిపించే మాటలకు ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

అపోహ: కాగితమంటే కలప గుజ్జు, అంతే.

సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కలపలో దాదాపు సగం సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ గొలుసులతో ఏర్పడిన పీచు పదార్థం. మిగిలినదానిలో అధికభాగం హెమిసెల్యులోజ్, లిగ్నిన్. పీచులను ఒకదానికొకటి అతికించి ఉంచే లిగ్నిన్‌ను, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో 160 - 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికించి కరిగిస్తారు. మిగిలిన పీచుతోనే కాగితం చేస్తే సిరా పాకుతుంది కనుక నీటిని అడ్డుకునే పదార్థాన్నీ, బలం కోసం పిండి పదార్థాన్నీ, తెల్లదనం కోసం ఖనిజపు పొడినీ కలుపుతారు. జిరాక్సు కాగితంపై టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు మచ్చ పడుతుంది, అది పిండి పదార్థం. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కకు బుడగలు వస్తే అది కాల్షియం కార్బొనేట్. ప్రయోగశాలలో వాడే వడపోత కాగితంపై ఈ రెండూ కనిపించవు.

అపోహ: ఇంత వరిగడ్డిని తగలబెట్టే బదులు కాగితం చేయడం సులువే.

చేయవచ్చు, కానీ సులువు కాదు. గడ్డి బరువులో సుమారు పదో వంతు సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, ఉంటుంది. అది కాస్టిక్ సోడాలో కరిగి, ఉడికించగా మిగిలిన నల్లని ద్రవంలో చేరుతుంది. కలప వాడే మిల్లులో ఆ ద్రవాన్ని చిక్కబరిచి, బాయిలర్‌లో మండించి, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. గడ్డి ద్రవాన్ని అలా చిక్కబరిస్తే సిలికా గొట్టాల లోపల గట్టి పెచ్చులా పేరుకుంటుంది. రసాయనాలు రాబట్టలేని మిల్లు ఆ ద్రవాన్ని శుద్ధి చేయకుండా వదిలితే అది చేరేది మన కాలువల్లోకే. కార్బన్ డయాక్సైడ్ పంపి సిలికాను ముందే వేరుచేసే పద్ధతి ఉంది, దానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా రైతుకు ఆశ చూపడం న్యాయం కాదని నా నమ్మకం.

అపోహ: పచ్చబడటం, పెళుసుబారటం ఒకటే.

ఇవి రెండు వేర్వేరు చర్యలు. వార్తాపత్రికల కాగితానికి వాడే యాంత్రిక గుజ్జులో (కలపను యంత్రంతో అరగదీసి చేసేది) లిగ్నిన్ చాలావరకు అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలితే అది పచ్చబడుతుంది. పెళుసుదనానికి ప్రధాన కారణం ఆమ్లం. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్, సిరా పాకకుండా పైన్ చెట్ల బంక నుంచి వచ్చే రోజిన్‌ను పటికతో కలిపి గుజ్జులోనే వేసే పద్ధతిని ప్రకటించాడు. తర్వాత మిల్లులు పటిక స్థానంలో అల్యూమినియం సల్ఫేట్ వాడాయి. తేమ తగిలినప్పుడు దాని నుంచి పుట్టే ఆమ్లం, సెల్యులోజ్ గొలుసులో గ్లూకోజ్ కణికల మధ్య ఉన్న బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతుంది. అందుకే పాత దస్తావేజు మొదట మడత దగ్గరే విరుగుతుంది. లిగ్నిన్ లేని నూలు గుడ్డల కాగితం కూడా ఇలా పాడవుతుంది. 1950ల నుంచి పటిక అక్కర్లేని పదార్థాలు రావడంతో ఆమ్లాన్ని అణిచే కాల్షియం కార్బొనేట్ కలిపిన క్షార కాగితం సాధ్యమైంది.

అపోహ: కలరా ఉండలు వేసినా, లామినేషన్ చేయించినా దస్తావేజు భద్రం.

కలరా ఉండలు పురుగులను ఆపుతాయి, ఆమ్లాన్ని కాదు. లామినేషన్ అంతకంటే చేటు: అది ఆమ్లాన్ని కాగితంతోపాటే బంధిస్తుంది, వేడికి కరిగి పీచులో దిగిన జిగురు మళ్లీ ఊడి రాదు. దస్తావేజును మడతలు విప్పి, కొత్త క్షార కాగితపు అట్టల మధ్య పరచి, వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడకు దూరంగా, చల్లని గదిలో ఉంచండి. స్కాన్ చేయించినా అసలు ప్రతిని మాత్రం పారేయకండి.